ఊరుమ్మడి నీళ్లు

స్నానాలగదికి గడియ కనిపెట్టినవాడెవడో గానీ, వాణ్ణి నడిబజారులో నిలబెట్టి తలంటాలి. మానవజాతికి వాడు చేసినంత అపకారం ఇంకొకడు చెయ్యలేదని నా నిశ్చితాభిప్రాయం.

ఆలోచించండి. గడియ పడ్డాక లోపలివాడి సంగతి బయటివాడికేం తెలుస్తుంది? ఎన్ని నీళ్లు వాడాడో తెలియదు. వీపు రుద్దుకున్నాడో లేదో తెలియదు. ఏ పాట పాడుతున్నాడో తెలుస్తుంది గానీ, ఆ వేళ అంత హుషారు ఎందుకొచ్చిందో తెలియదు. ఒక మనిషి గురించి పక్క మనిషికి ఇన్ని సంగతులు తెలియకుండా పోతుంటే ఇక సమాజం ఎందుకు, సంఘం ఎందుకు, వాట్సాప్ గ్రూపులెందుకు?

పూర్వం రోమన్ల ఊళ్లలో ఈ దరిద్రం లేదు. మధ్యాహ్నం పనులు ముగించుకుని ఊరు ఊరంతా ఒక్క చోటికే స్నానానికి నడిచేది. పెద్ద అధికారీ, చెప్పులు కుట్టేవాడూ ఒకే నీళ్లలో దిగేవారు. ముందు గోరువెచ్చని గది, తర్వాత సలసలమనే వేడి గది, ఆ పైన ఒళ్లు జివ్వుమనే చన్నీళ్లు. సబ్బుకి బదులు ఒంటికి నూనె పట్టించి, వంకర తిరిగిన ఇనప బద్దతో గీకించుకునేవారు. అక్కడే కసరత్తు, అక్కడే వ్యాపారం, అక్కడే పలహారాలమ్మేవాళ్ల కేకలు. రాత్రి భోజనానికి ఎవరింటికి పిలుపు సంపాదించాలో కూడా ఆ నీళ్లలోనే తేల్చుకునేవారట. బట్టలు ఎవడైనా ఎత్తుకుపోతే పోలీసుల దాకా పోయేవారు కాదు. వాడికి నిద్ర పట్టకూడదనీ, పేగులు ఎండిపోవాలనీ సీసపు రేకు మీద శాపం రాసి దేవతకి సమర్పించేవారు. అదీ నాగరికత!

ఇక వార్తల సంగతి చెప్పాలా? వేడి గదిలో ఒకాయన తుమ్మాడనుకోండి. ఆ కబురు గోరువెచ్చని గదికి చేరేసరికి ఆయనకి జ్వరం. చన్నీళ్ల దగ్గరికి చేరేసరికి సన్నిపాతం. ఆయన తుడుచుకుని బయటికొచ్చేసరికి గుమ్మం ముందు పాడె కట్టి, ఎవరు ముందు పట్టాలని తగువులాడుకుంటూ ఉండేవారు. నేను చూడలేదు గానీ, కాదనడానికి చూసినవాళ్లెవరూ బతికి లేరు కదా!

అంత గొప్ప నాగరికత మట్టిలో కలిసిపోయిందని పండితులు బెంగపడుతుంటారు. పడనక్కర్లేదు. అది మెల్‌బోర్న్‌కి ఉత్తరాన, క్రెయిగీబర్న్‌లో క్షేమంగా ఉంది. అక్కడి లెజర్ సెంటర్లో, ఈతకొలను పక్కన, గుండ్రటి స్పా తొట్టి ఒకటుంది. గోడకి ఒక మీట. మీట నొక్కితే నీళ్లు కుతకుతమని ఉడికినట్టు బుడగలొస్తాయి. కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి. పిల్లలు బళ్లకీ, పెద్దలు ఆఫీసులకీ పోయాక ఆ తొట్టిని మన తెలుగు పెద్దలు ఆక్రమిస్తారు. సీనియర్ సిటిజన్లకి టికెట్లో తగ్గింపు కూడా ఉంది. ప్రభుత్వం చూడండి, కబుర్లకి సబ్సిడీ ఇస్తోంది!

కేశవరావు గారు ఆ తొట్టిలో మొదటి వరస మనిషి. రేపల్లె దగ్గర పల్లెటూళ్లో పోస్టుమాస్టరుగా పనిచేసి, రిటైరై, భార్య కోటమ్మతో సహా కొడుకు సాకేత్ ఇంటికి వచ్చేశారు. ఊరందరి ఉత్తరాలూ చేతుల మీదుగా పంచి ఒక్కదాన్నీ వేలితో నొక్కి చూడని మనిషినని ఆయనకి గర్వం. ఆ గర్వానికి క్రెయిగీబర్న్‌లో గట్టి పరీక్షే వచ్చింది.

సాకేత్‌కీ కోడలు హరిప్రియకీ పెళ్లై ఏళ్లు గడిచాయి. పిల్లల్లేరు. క్లినిక్ చుట్టూ తిరుగుతున్నారు. పోయిన చలికాలంలో ఒకసారి ఆశ పుట్టింది. ఇంట్లో అందరూ అడుగులు మెల్లగా వేశారు. తర్వాత ఒక రోజు మొగుడూ పెళ్లాలిద్దరూ హాస్పిటల్ నుంచి మాట్లాడకుండా తిరిగొచ్చారు. ఆ సాయంత్రం హరిప్రియ మామగారిని అడిగింది ఒక్కటే.

"మామయ్యగారూ, ఈ విషయం మన నలుగురి మధ్యే ఉండాలి. ప్లీజ్. బయట ఒక్కళ్లకి తెలిసినా నేను తట్టుకోలేను."

"నా నోటి వెంట రాదు తల్లీ," అన్నారు కేశవరావు గారు.

రాలేదు కూడా. స్పాలో కూర్చుని కడుపులో ఒక మాట దాచుకోవడమంటే మాటలా? ఆ వేడికి ఎముకలే మెత్తబడతాయి. అయినా ఆయన దాచారు. పక్కవాళ్లు "మీవాళ్లకి విశేషమేమన్నా?" అని అడిగినప్పుడల్లా, "పెట్రోలు రేటు చూశారా?" అని ప్రపంచ సమస్యల్లోకి దూకేవారు.

ఈ "విశేషం" అనే మాట గురించి ఒక ముక్క. తెలుగువాడికి లోకంలో ఉన్న విశేషం ఒకటే. నోబెల్ బహుమతి వచ్చినా అది విశేషం కాదు. కొత్తగా పెళ్లైన పిల్ల పొద్దున్నే ఒక్కసారి వాంతి చేసుకుంటే మాత్రం అది విశేషం.

కేశవరావు గారి గుట్టు బయటపడడానికి కారణం ఆయన నోరు కాదు. ప్లంబరు.

మేడ మీద బాత్రూంలో పైపు కారడం మొదలైంది. ఈ దేశంలో ప్లంబరు దర్శనం ఎప్పుడవుతుందో మీకు తెలియనిది కాదు. ఇల్లంతా ఒక్క బాత్రూం మీద పడింది. ఆ పొద్దున్న హరిప్రియకి ల్యాబ్‌లో డ్యూటీ. ఆమె స్నానం కానిచ్చుకుని వెళ్లేదాకా మామగారికి దారి దొరకలేదు. అందుకని స్పాకి ఆలస్యంగా చేరారు.

అప్పటికే భీమయ్య గారు తొట్టిలో గొంతు దాకా మునిగి ఉన్నారు. ఈయనది జగిత్యాల. మనసు వెన్న, చెవులు కొంచెం మందం.

"ఏం సారు, ఇయ్యాల గింత లేటు?"

"ఏం చెప్పమంటావు భీమయ్యా. మా కోడలు నీళ్లోసుకుంది..."

సరిగ్గా అప్పుడే ఎవరో మీట నొక్కారు. "అందాకా ఆగాల్సొచ్చింది, ఉన్నది ఒకటే బాత్రూం" అన్న మిగతా వాక్యం బుడగల్లో కలిసిపోయింది.

రేపల్లె వైపు, కేశవరావు గారింట్లో, నీళ్లోసుకోవడమంటే స్నానం చెయ్యడం. ఇందులో మర్మమేమీ లేదు. బిందెడు నీళ్లు, ఒక చెంబు, ఒక మనిషి. భీమయ్య గారింట్లో స్నానాన్ని తానం అంటారు. కోడలు నీళ్లోసుకుందంటే ఆయనకి తెలిసిన అర్థం ఒక్కటే. కడుపుతో ఉందని!

భీమయ్య గారు నీళ్లలోంచి చెయ్యి తీసి కేశవరావు గారి చేతిని గట్టిగా పట్టుకున్నారు.

"ఎంత చల్లని ముచ్చట చెప్పినవ్ సారు. పైలంగ చూస్కోండ్రి బిడ్డను."

తన కోడలి స్నానానికి ఈయన ఇంతగా కరిగిపోవడమేమిటో కేశవరావు గారికి అర్థం కాలేదు. పెద్దాయన కదా, జారి పడుతుందని భయపడుతున్నాడు కాబోలు అనుకున్నారు.

"చూసుకోక ఏం చేస్తాం. కాలు జారకుండా కింద రబ్బరు పట్టా కూడా వేశాను."

"నువ్వే ఏసినవా?"

"నేనే. మోకాళ్ల మీద కూచుని మరీ పరిచాను."

భీమయ్య గారికి కళ్లు చెమ్మగిల్లాయి. ఇలాంటి మామ దొరకడం ఆ పిల్ల అదృష్టమన్నారు. ఆ ఆనందం తనొక్కడే మోయలేక, పక్క కొలనులో నీళ్లలో వ్యాయామం చేస్తున్న అలివేలు గారికి చేరవేశారు. అలివేలు గారు తెలుగు అసోసియేషన్లో మహిళా విభాగం చూస్తారు. కాబట్టి ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యాల్సిన పనిలేకపోయింది.

ఆవిరి గదిలో హరిప్రియకి రెండో నెల. చెక్కల సౌనా గదిలో కవలలు. బట్టలు మార్చుకునే చోట ఒకాయన సీమంతానికి హాలు ఏది బాగుంటుందో ఆలోచిస్తున్నాడు. కార్ పార్కులో ఇంకొకావిడ పుట్టబోయేవాళ్లకి ఏ ప్రైమరీ స్కూల్ జోనులో ఇల్లు కొనాలో ఫోన్లో వివరిస్తోంది. రోమన్లు రాతితో రోడ్లు వేశారని పొగుడుతారు గానీ, ఇంత వేగం వాటి మీద గుర్రాలకి కూడా రాలేదు!

ఇవేవీ తెలియని కేశవరావు గారు ఆ శనివారం కోడలితో పాటు ఇండియన్ స్టోర్‌కి వెళ్లారు. ట్రాలీ తోసే పని ఆయనది. హరిప్రియ పప్పులూ, పచ్చిమిరపకాయలూ వేసి, ఒక బొప్పాయిపండు ఏరి పెట్టింది. మలుపులో అలివేలు గారు ఎదురయ్యారు. హరిప్రియని చూసి తల ఒక పక్కకి వంచి ఒక నవ్వు నవ్వారు. తర్వాత ట్రాలీలో చెయ్యి పెట్టి, బొప్పాయి తీసి, షెల్ఫులో పెట్టేశారు.

"ఆంటీ, అది నాది," అంది హరిప్రియ.

"తెలుసమ్మా. ఇప్పుడొద్దు."

"ఎందుకు?"

"ఎందుకేమిటి, వేడి. ఇదిగో ఇది తీసుకో." పచ్చి మామిడికాయలు రెండు ట్రాలీలో పడ్డాయి. "నేనెవరికీ చెప్పలేదులే. మూడో నెల దాటేదాకా నువ్వూ నోరు మెదపకు. దిష్టి."

హరిప్రియకి మామగారి వైపు తిరగడానికి చాలాసేపు పట్టింది. కేశవరావు గారు ఆ లోగా మినపగుళ్ల పాకెట్ మీద ఎక్స్‌పైరీ డేటు నాలుగుసార్లు చదివారు.

కారులో ఆమె స్టీరింగ్ మీద చేతులు పెట్టి, బండి స్టార్ట్ చెయ్యకుండా కూర్చుంది.

"ఎవరికి చెప్పారు మామయ్యగారూ?"

"ఒట్టు తల్లీ. నేనెవరికీ ఏమీ చెప్పలేదు."

"మరి బొప్పాయికెలా తెలిసింది?"

ఇంటికొచ్చాక కోటమ్మ గారు కేసు చేతిలోకి తీసుకున్నారు. సోఫాలో కూర్చోబెట్టి, ఆ వారం స్పాలో ఏం మాట్లాడారో మాట వదలకుండా అప్పజెప్పమన్నారు. ఆయన పెట్రోలు రేటు దగ్గర మొదలుపెట్టి, ప్లంబరు దాకా వచ్చి, భీమయ్య దగ్గర ఆగారు.

"అదిగో అక్కడ. ఏమన్నారు?"

"ఏముంది, అమ్మాయి నీళ్లోసుకుంది, అందుకే లేటైందన్నాను."

కోటమ్మ గారు నుదురు కొట్టుకున్నారు. "కోడల్ని పట్టుకుని నీళ్లోసుకుందన్నారా? నలుగురిలో?"

"మరి నీళ్లోసుకోవడాన్ని ఏమనాలే? మనూళ్లో అదేగా అంటాం."

"మనింట్లో అంటాం. ఊళ్లోకెళ్లి అంటే చలిమిడి తెస్తారు. ఇన్నేళ్లు పోస్టాఫీసులో కూచున్నారు, ఏ మాటకి ఏ స్టాంపు పడుతుందో తెలియదా మీకు?"

మెట్ల దగ్గర నిలబడి వింటున్న హరిప్రియ నవ్వింది. నిజంగానే నవ్వింది, కడుపు పట్టుకుని. "నేను స్నానం చేశాను. దానికి సబర్బ్ అంతా కంగ్రాట్స్ చెప్తోంది," అంటూ నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో దారి తప్పింది. ఆమె బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు కుళాయి పారుతూనే ఉంది.

చూశారా, గడియ ఎంత చెడ్డదో! అదే రోమ్‌లో అయితే ఆ పిల్ల ఏడుపు ఊరంతా హాయిగా చూసి ఉండేది. ఒకళ్లు కారణం అడిగేవారు, ఇంకొకళ్లు మందు చెప్పేవారు, పలహారాలవాడు ఒక వడ చేతిలో పెట్టేవాడు. ఇక్కడ చూడండి, తలుపవతల మామగారు ఒక్కరే నిలబడి, తలుపు కొట్టడానికి చెయ్యెత్తి, దించి, మళ్లీ ఎత్తి, చివరికి హాల్లోకి వెళ్లి టీవీ పెట్టుకున్నారు.

సోమవారం పొద్దున్నే ఆయన స్పాకి బయల్దేరారు. ఒక్క మాటతో అపోహ తీర్చేసి, బట్టలు మార్చుకుని వచ్చేద్దామని లెక్క. పాపం, పోస్టుమాస్టరు కదా. ఉత్తరం తప్పు చిరునామాకి పోతే వెనక్కి తెప్పించొచ్చని నమ్మకం.

తొట్టిలో భీమయ్య గారితో పాటు సత్యనారాయణమూర్తి గారు కూడా ఉన్నారు. ఈయన ఇక్కడికొచ్చి చాలా ఏళ్లైన ఇంజనీరు. ఇటలీ ప్యాకేజీ టూరు చేసొచ్చిన దగ్గర్నుంచి స్పాలో దిగిన ప్రతివాడికీ రోమన్ స్నానాల గురించి పాఠం చెప్తున్నారు. అలివేలు గారు ఒంటినిండా నల్లటి ఈత తొడుగుతో ఎదురుగా ఆసీనులయ్యారు.

"మీరంతా పొరపాటు పడ్డారండీ," అన్నారు కేశవరావు గారు. "మా కోడలికి అలాంటిదేం లేదు."

భీమయ్య గారు తలూపారు. "గట్లనే అనాలె సారు. మూడు నెలలు నిండెదాంక మేం గూడ గట్లనే అన్నం."

"అనడం కాదయ్యా, నిజంగానే లేదు."

"నేను ఇంజనీర్నండీ కేశవరావు గారూ," అన్నారు సత్యనారాయణమూర్తి గారు. "లేనిదాన్ని ఎవరూ పనిగట్టుకుని పొద్దున్నే వచ్చి లేదని చెప్పరు. లాజిక్."

"నీళ్లోసుకుందంటే స్నానం చేసిందని నా ఉద్దేశం."

"స్నానం చేస్తే రబ్బరు పట్టా ఎందుకేశారు?" అన్నారు అలివేలు గారు.

ఇక్కడే మన సంప్రదాయం గొప్పతనం గమనించాలి. ఔనంటే ఔను. కాదంటే, మూడో నెల దాటలేదు కాబట్టి ఔను. మాట్లాడకపోతే, దిష్టికి భయపడుతున్నారు కాబట్టి కచ్చితంగా ఔను. ఇంత పకడ్బందీగా కట్టిన కట్టడం రోమన్లకి కూడా సాధ్యం కాలేదు!

కేశవరావు గారు నీళ్లలో అటూ ఇటూ కదిలారు. అలివేలు గారు కొంచెం ముందుకి జరిగి, గొంతు తగ్గించారు. తగ్గించిన గొంతు బుడగల మీదుగా అందరికీ వినిపించింది.

"అన్నయ్యగారూ, పోయిన చలికాలంలో మీవాళ్లిద్దరూ క్లినిక్ దగ్గర కనబడ్డారు. విశేషం కాదంటున్నారు సరే. మరి లోపమా? ఎవరిలో?"

నిజం ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే అపోహ తీరిపోతుంది, మాట పోతుంది. చెప్పకపోతే మాట నిలుస్తుంది, కోడలు నెలనెలా ఊరి లెక్కలో కడుపు పెంచుకుంటూ పోతుంది. ఆయన రెండిట్లో ఏదీ తేల్చుకోలేక తొట్టిలోంచి లేచి, తడి జుట్టుతోనే ఇంటికొచ్చేశారు.

ఆ సాయంత్రం హరిప్రియ వంటింట్లో ఉండగా వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పారు. అలివేలు గారు అడిగిన ప్రశ్న కూడా దాచలేదు. ఆమె కూర కలుపుతూ మొత్తం విన్నది. స్టవ్ కట్టేసింది.

"రేపు నాకు ఆఫ్టర్‌నూన్ షిఫ్ట్. పొద్దున నేనూ వస్తాను స్పాకి."

"ఎందుకమ్మా?"

"ఊరికే. స్నానానికి."

మర్నాడు ఆమె డ్యూటీ ప్యాంటూ షర్టుతోనే వచ్చింది. చెప్పులు గట్టున విడిచి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, తొట్టి అంచున కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టింది. తొట్టిలో అందరూ ఉన్నారు. కేశవరావు గారు అందరికంటే మూలగా ఉన్నారు.

"అలా చల్లటి నేల మీద కూచోకూడదమ్మా ఈ టైంలో," అన్నారు అలివేలు గారు.

"పర్లేదాంటీ. మీరెలా ఉన్నారు? మీ అబ్బాయి కౌశల్ వాళ్లు వేరే ఇల్లు తీసుకున్నారటగా. ఏమన్నా విశేషమా?"

అలివేలు గారి నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది. "వాడి ఆఫీసుకి దగ్గరని..."

"అంటే లోపం ఎవరిలో ఆంటీ? మీలోనా, మీ కోడల్లోనా?"

ఆమె గొంతులో ఎక్కడా కోపం లేదు. అచ్చం అలివేలు గారు ఇండియన్ స్టోర్‌లో మాట్లాడే గొంతు. అదే ఆప్యాయత, అదే తల వంచడం. హరిప్రియ సత్యనారాయణమూర్తి గారి వైపు తిరిగింది.

"అంకుల్, మీ అబ్బాయి భార్గవ్ ఇంట్లోంచే పని చేస్తున్నాడంటారు కదా. జాబ్ పోయిందని విన్నాను. ఇంటర్వ్యూలకి వెళ్తున్నాడా? మా ల్యాబ్‌లో అడగనా?"

"అది, కాంట్రాక్టు రెన్యూవల్..."

"కాదన్నారంటే ఔనన్నట్టే కదంకుల్. లాజిక్."

సత్యనారాయణమూర్తి గారికి గోడ మీద గడియారం చూడాల్సిన అవసరం వచ్చింది.

"భీమయ్య అంకుల్, మీ షుగర్ ఎంతుంది ఇప్పుడు? ఇక్కడ్నుంచి వెళ్తూ కెఫేలో రోజూ హాట్ చిప్స్ తింటారని ఆంటీకి తెలుసా?"

"అరె, గది గూడ నీకెర్కనా బిడ్డా," అన్నారు భీమయ్య గారు.

"అన్నీ తెలుసంకుల్. మామయ్యగారు మా ఇంటి సంగతి ఇక్కడ చెప్పరు. ఆ మాట మీద ఉన్నారు. ఇక్కడి సంగతులు మాత్రం రోజూ మధ్యాహ్నం భోజనాల దగ్గర మాకు చెప్తారు."

కేశవరావు గారు ముక్కు దాకా నీళ్లలోకి దిగిపోయారు.

అలివేలు గారు ముందు లేచారు, క్లాసుకి టైమైందని. ఆ రోజు క్లాసు లేదు. తర్వాత సత్యనారాయణమూర్తి గారు లేచారు. ఇద్దరూ తువ్వాళ్లు గబగబా చుట్టుకున్నారు. ఎక్కడ చుట్టుకోవాలో తెలియక అలివేలు గారు మొహానికి కూడా చుట్టుకున్నారు. ఆఖర్న భీమయ్య గారు కడ్డీ పట్టుకుని మెల్లగా మెట్లెక్కి, ఆమె పక్కన ఒక్క నిమిషం ఆగారు.

"నేనే తప్పు ఇన్న బిడ్డా. మనసుల పెట్టుకోకు."

"లేదంకుల్. మీరు సంతోషపడ్డారు, అంతే. మెల్లగా వెళ్లండి."

ఇప్పుడు మీకు రోమన్ల గొప్పతనం ఏమిటో విప్పి చెప్పాలి. వాళ్లు ఊరుమ్మడి నీళ్లలో దిగేముందు ఒక పని చేసేవారు. ఎవడి బట్టలు వాడే విప్పుకునేవాడు. మనం అక్కడ చిన్న సవరణ చేశాం. మన తువ్వాలు నడుముకి గట్టిగా బిగించుకుని, పక్కింటి పిల్ల బట్టలు విప్పుతాం. మన నాగరికత వాళ్లకంటే ఒక మెట్టు పైన ఉందని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

తొట్టిలో మామగారూ, గట్టు మీద కోడలూ మిగిలారు.

"నన్ను కూడా అడుగు తల్లీ," అన్నారు కేశవరావు గారు. "వాళ్లనడిగావుగా. నన్నొక్కణ్ణీ వదిలెయ్యడం ఏం న్యాయం?"

హరిప్రియ కాళ్లు నీళ్లలో ఆడించింది.

"పోయిన చలికాలం నుంచి ఇప్పటిదాకా ఇంట్లో ఒక్కళ్లైనా నన్ను ఎలా ఉన్నావని అడిగారా మామయ్యగారూ? మీరు మాట నిలబెట్టుకున్నారు, నాకు తెలుసు. కానీ నేను బయట చెప్పొద్దన్నాను. ఇంట్లో అడగొద్దనలేదు."

కేశవరావు గారు నీళ్లు నమిలారు. బుడగలు ఆగిపోయాయి. మీట ఆయన చేతికందేంత దూరంలోనే ఉంది. నొక్కితే మళ్లీ ఆ చప్పుడులో ఇద్దరూ హాయిగా దాక్కోవచ్చు. ఆయన నొక్కలేదు.

"ఎలా ఉన్నావమ్మా?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. తడిసిన వేళ్లు ముడతలు పడేదాకా ఆయన విన్నారు.

ఏం చెప్పిందంటారా? అదిగో, ముందుకి వంగారు! తెలుసుకోవాలని నోరూరుతోంది కదూ? తప్పకుండా చెప్తాను, దాపరికమెందుకు? రండి, మీరూ దిగండి. ఆ తువ్వాలు మాత్రం అక్కడే విప్పి పెట్టి, ముందు మీ ఇంటి విశేషాలు చెప్పండి.